దుబాయి నంబర్ల కుప్ప

మా కోరుట్ల సెంటర్‌ను ఎత్తేస్తామని జగిత్యాల నుంచి ఫోన్ వచ్చిన రోజు నాకు మొదట వచ్చింది కోపం. ఏడుపు ఆ తర్వాత, ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాక వచ్చింది.

సెంటర్ అంటే పెద్ద భవంతి ఏమీ కాదు, ఒక షట్టర్ గది. పొద్దున్నే జగిత్యాల నుంచి వ్యాన్ వచ్చి కొరియర్ పార్సిళ్ల సంచులు దింపి పోతుంది. వాటిని ఒక్కొక్కటీ మిషన్‌తో స్కాన్ చేసి, వాడల వారీగా వేరు చేసి, బండ్ల మీద తిరిగే ముగ్గురికి పంచడం నా పని. అంతకు ముందు ఇరవై ఏళ్లు గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టినదాన్ని నేను. ఇక్కడ చేరిన రోజు నాకు కూర్చోవడానికి కుర్చీ, మెడలో వేసుకోవడానికి నా ఫోటో ఉన్న కార్డు ఇచ్చారు. మొదటి వారం ఆ కార్డును ఇంట్లో కూడా తీయలేదు. పండ్లు తోముకునేటప్పుడన్నా తియ్యరాదా అని మా అత్త నవ్వింది. అలాంటి కుర్చీ పోతుందంటే ఎవరికైనా కడుపు మండదా?

ఎత్తేయడానికి కారణం ఉంది. మాకు సరిగ్గా ఎదురుగా ఇంకో కొరియర్ కంపెనీ తెరుచుకుంది. మెరిసే బోర్డు, గాజు తలుపు, అందరికీ ఒకే రంగు టీషర్టులు. ఆన్‌లైన్‌లో సామాను అమ్మేవాళ్లు ఆ సామానును ఏ కొరియర్‌కు అప్పజెప్పాలో ఇప్పుడు మనుషులు తేల్చరు, కంప్యూటర్ తేలుస్తుంది. పోయిన మొదటిసారే పార్సిల్ ఇచ్చి వచ్చామా, లేక వాపసు తెచ్చామా అని చూస్తుంది. ఎవరు బాగా ఇస్తే ఆ ఊరు వాళ్లది. జగిత్యాలలో, సిరిసిల్ల దాకా అన్ని సెంటర్లూ చూసే మా మేనేజర్ సార్ ముందు ఒక పెద్ద స్క్రీన్ ఉంటుంది. బాగున్న సెంటర్లు పచ్చగా, బాగాలేనివి ఎర్రగా కనిపిస్తాయి. మాది కొన్ని నెలలుగా ఎర్రగానే ఉంది. ఇంకొక్క నెల చూసి, మారకపోతే షట్టర్ దించి కోరుట్లను జగిత్యాలలో కలిపేస్తామని సార్ చెప్పాడు. అంటే నాతో కలిపి నలుగురి పని పోయినట్టే.

మమ్మల్ని ముంచుతున్నది ఓటీపీ. కాస్త ఖరీదైన సామాను ఏదైనా ఆ నంబర్ చెప్తేనే చేతికి ఇవ్వాలి. మా వాడల్లో తలుపు కొడితే చాలా ఇళ్లలో ఇంటాయన ఉండడు. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. అక్కడి నుంచే ఇంటికి మిక్సీ, ఫ్యాన్, ఫోన్ బుక్ చేస్తాడు. బ్యాంకు మెసేజీల కోసం ఇండియా సిమ్‌ను కూడా తన దగ్గరే పెట్టుకుంటాడు కాబట్టి ఓటీపీ దానికే పోతుంది. పార్సిల్ ఇక్కడ, నంబర్ అక్కడ. మేం పొద్దున పదింటికి తలుపు కొట్టి ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. ఇంటామె కూడా ఆ వేళకు చాలాసార్లు దొరకదు, చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయి ఉంటుంది. మా వాళ్లు "కస్టమర్ లేరు" అని మిషన్‌లో నొక్కి వాపసు తెచ్చేవాళ్లు.

ఒకరోజు ఒకామె సెంటర్‌లోకి దూసుకొచ్చింది. నాతో పాటు ఒకే కార్ఖానాలో బీడీలు చుట్టిన మనిషే. ఆమె మొగుడు దుబాయి నుంచి ఆమె కోసం ఫోన్ బుక్ చేశాడు. మావాడు రెండుసార్లు పోయి రెండుసార్లూ వాపసు తెచ్చాడు. రెండోసారి ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే "కస్టమర్ లేరు" అని నొక్కాడట.

"నేను గడపల నిలవడితే నేను లేనని రాస్తడా? సచ్చిపోయిన్నా నేను?" అని నన్ను నిలదీసింది. "ఫోన్ రావాల్నంటె ముందుగాల ఇంట్ల ఫోన్ ఉండాల్నా? గిదేం న్యాయం?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమెను పంపించి మా పెద్ద డెలివరీ అన్నను పట్టుకున్నాను. ఆయన ఒకప్పుడు ఆటో నడిపిన మనిషి, అందరం ఆటో అన్న అంటాం, వయసులో నాకంటే పెద్ద. అయినా నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. ఆయన ఓపికగా విని మిషన్ నా ముందు పెట్టాడు. అందులో నొక్కడానికి ఉన్న గడులు మూడే: కస్టమర్ లేరు, వద్దన్నారు, అడ్రస్ తప్పు.

"మనిషి ఉన్నది, నంబర్ దుబాయిల ఉన్నది అని ఇందుల ఏడున్నదో జూపెట్టక్కా, గదే నొక్కుత" అన్నాడు.

ఆ మూడు గడులూ మళ్లీ చదివాను. సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోన్ చేశాడు. ఆయనా దుబాయిలోనే, బిల్డింగుల పని. ఉన్న కోపమంతా ఆయన మీద దించాను. మీ దుబాయోళ్లకు ఫోన్లు ఎందుకు, పొద్దున్నుంచి ఇరవై మందికి చేస్తే ఒక్కడూ ఎత్తలేదు అన్నాను.

"పొద్దుగాల ఎట్ల ఎత్తుతమే?" అన్నాడు ఆయన. "ఫోన్లు కిందనే బ్యాగులల్ల పెట్టి పైకెక్కుతం. ఇప్పుడు చెయ్యి, అందరెత్తుతరు. ఎండలకు మధ్యాన్నం పని బంద్ గదా, అందరం రూంలనే పండుకున్నం."

టైము చూశాను. రెండున్నర. ఈ మనిషి నాకు ఏళ్ల తరబడి రోజూ ఇదే టైముకు ఫోన్ చేస్తున్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికింది నేనే. ఆటో అన్న ఎదురుగానే ఉన్నాడు, సిగ్గుతో చచ్చాను. కార్ఖానాకు పోయిన ఆడవాళ్లు కూడా ఆ వేళకు ఇల్లు చేరి, తిని, మళ్లీ చాట ముందు కూర్చుంటారు. నేను కూర్చున్నదాన్నే కదా, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

మర్నాడు సంచులు రాగానే పార్సిళ్లను రెండు కుప్పలు చేశాను. ఒకటి ఇక్కడి నంబర్లది, అది పొద్దున పోతుంది. రెండోది దుబాయి నంబర్లది, అది మధ్యాహ్నం రెండు దాకా కదలదు. ఏది ఏ కుప్పో మిషన్‌కు తెలియదు, నాకు తెలుసు. ఎవరింటాయన ఎక్కడున్నాడో బీడీ కార్ఖానాలో తెలియని సంగతి ఉండదు.

ఆటో అన్న తల పట్టుకున్నాడు. వానలు తేవాల్సిన మిరుగం కార్తె పోయి ఇన్ని దినాలైనా చినుకు లేదు, రెండు గంటల ఎండకు తారు కరుగుతోంది, మనుషులం తిరిగేదెట్లా అన్నాడు. నేను ముందు పోతాను, బతికి వస్తే రేపటి నుంచి మీరు పోండి అన్నాను. పన్నెండింటికి జగిత్యాల నుంచి ఫోన్. సగానికి పైగా పార్సిళ్లు గదిలోనే ఉన్నాయని స్క్రీన్ చెప్తోందట. పన్నెండు లోపు సగం ఇళ్లు తిరగాలన్నది కంపెనీ రూలు. మధ్యాహ్నం పోతాం సార్ అంటే, మధ్యాహ్నం ఎవరైనా పోతారా మేడం అన్నాడు. ఎదుటి టీషర్టుల వాళ్లు అప్పటికే బండ్లు ఖాళీ చేసుకుని వచ్చి, ఇయ్యాల బందా అక్కా అని అడిగారు. బంద్ కాదు, అన్నం తిన్నంక పోతం అన్నాను.

రెండింటికి కొంగు తలకు చుట్టుకుని, స్కూటీ మీద మొదట ఫోన్ పార్సిల్ ఆమె ఇంటికే పోయాను. అది మూడోసారి, ఇదీ పోతే పార్సిల్ వెనక్కే. ఆమెకు ఫోన్ లేదు కాబట్టి నా ఫోన్‌లోనే వాళ్లాయనకు వీడియో కాల్ చేశాం. రెండు రింగులకే ఎత్తాడు. మెడ మీద తువ్వాల, మంచం మీద పడుకుని ఉన్నాడు. పెళ్లాం మొహం చూసి నవ్వాడు గానీ, ఓటీపీ అనేసరికి లేచి కూర్చున్నాడు.

"ఎవ్వరికి చెప్పద్దని గ్రూపులల్ల రోజు పెడుతున్నరు. పైసలు గుంజుతరట" అన్నాడు.

"గుంజనీకి ఉండాలె గదా. నువ్వు చెప్పు" అన్నది ఆమె.

అయినా నమ్మలేదు. పెట్టె చూపించమన్నాడు, చూపించాను. దాని మీద రాసిన పేరు చదవమన్నాడు, చదివాను. తన ఇల్లేనా అని ఇంటి ముందు రాతి బండ చూపించమన్నాడు, అదీ చూపించాం. అప్పుడు ఒక్కొక్క అంకె ఆగి ఆగి, చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పాడు. నేను నొక్కాను. మిషన్‌లో పచ్చ గుర్తు పడింది. ఆమె అక్కడే అరుగు మీద పెట్టె విప్పింది. ఫోన్‌ను రెండు చేతులతో ఎత్తి ఆయనకు చూపించింది. మీదున్న కాయితం తియ్యకు, గీతలు పడుతయ్ అని అరుస్తున్నాడు ఆయన. ఆమె అప్పటికే తీసేసింది. నాకు నవ్వు వచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఆ సంతోషం నేను ఎవరి దగ్గరా దాచుకోలేదు, సందు చివరి దాకా స్కూటీ హారన్ కొట్టుకుంటూ పోయాను.

ఆ మధ్యాహ్నం కుప్ప మొత్తం ఖాళీ అయింది. ఒక్క ఇంట్లో మాత్రం నా లెక్క తప్పింది. దుబాయిలో ఉన్నాడనుకున్న మనిషి సెలవు మీద వచ్చి లోపలే నిద్రపోతున్నాడు. నిద్ర లేపినందుకు నన్ను తిట్టి, ఓటీపీ కూడా చెప్పాడు.

మర్నాటి నుంచి ఆటో అన్న, మిగతా ఇద్దరూ తలకు తువ్వాలలు చుట్టుకుని బయలుదేరారు. తడిసిన గోనెసంచిలో నీళ్ల సీసాలు పెట్టుకునేవాళ్లు. నేను ఒంటి గంట నుంచే ఇళ్లకు ఫోన్లు చేసి, మీ ఆయనను ఫోన్‌లో పట్టుకుని ఉంచండి, మావాళ్లు వస్తున్నారు అని చెప్పేదాన్ని. పోయిన పార్సిళ్లలో వాపసు వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేంతకు దిగాయి. మాకు నెల తిరిగేసరికి గెలిచేసినట్టే ఉంది.

స్క్రీన్ మాత్రం ఒప్పుకోలేదు. నెలాఖరున పొద్దున పదకొండింటికి మేనేజర్ సార్ చెప్పకుండా వ్యాన్‌లో దిగాడు. హైదరాబాద్ మనిషి, చిన్నవాడే, చెడ్డవాడు కాదు. ఆయన వచ్చేసరికి మేం నలుగురం చాయ్ తాగుతూ కూర్చున్నాం, పక్కన దుబాయి నంబర్ల కుప్ప నా నడుం ఎత్తు ఉంది. ఆయన మొహం మాడిపోయింది. మీరిచ్చే పార్సిళ్లు పెరిగిన మాట నిజమే, కానీ పన్నెండింటి లెక్కలో రోజూ తప్పుతున్నారు, పైవాళ్లు చూసేది ఆ ఎరుపునే అన్నాడు. మిషన్లు, సామాను వ్యాన్‌లో వేయించమన్నాడు.

ఆటో అన్న లేచి ఒక్కొక్కటీ వ్యాన్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం నోరు ఆగలేదు.

"సార్, మీరు నెల దినాలు స్క్రీన్‌ల జూసిండ్రు. గీ ఒక్క మధ్యాన్నం నాతోని వచ్చి జూడుండ్రి. గప్పుడు కూడ మూయాల్నంటె షట్టర్ నేనే గుంజుత" అన్నాను.

ఎండకు భయపడాలో, నాకు భయపడాలో తేల్చుకోలేక వాచీ చూసుకున్నాడు. చివరికి సరే అన్నాడు.

రెండున్నరకు ఒక ఇంటి ముందు నిలబడ్డాం. పార్సిల్ కుట్టు మిషన్ మోటార్. ఇంటామె వీడియో కాల్ చేసింది. అక్కడ గది నిండా మంచాలు, ఒకదాని మీద ఒకటి. మొగుడు ఓటీపీ చెప్పేసరికి వెనక మంచాల్లోంచి తలలు లేచాయి. పార్సిల్ ముట్టిందా అని ఒకరు, ఎవరు తెచ్చిండ్రు అని ఇంకొకరు. ఆమె ఫోన్ మా వైపు తిప్పింది. ఒకాయన నన్ను గుర్తుపట్టి, మా ఇంటికి ఫ్యాన్ తెచ్చిన అక్క గదా అన్నాడు. తనది వేములవాడ అని ఒకడు, సారంగాపూర్ అని ఒకడు, మాకెప్పుడు తెస్తరు అని అడుగుతున్నారు.

పై మంచం మీది మనిషి కిందికి వంగి, "అక్కా, మాది సిరిసిల్ల. నాలుగుసార్లు బుక్ జేసిన, నాలుగుసార్లు వాపస్ వోయింది. ఇంట్ల మనిషి లేదని రాసిండ్రట. మా అవ్వ గడప దాటదు. మాకు గిట్ల ఎవలు తెస్తరు?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపు సార్ ముందుకు వచ్చాడు. చొక్కా మొత్తం చెమటతో తడిసి ఉంది. ఫోన్ అందుకుని, "మేమే తెస్తాం అన్నా. సిరిసిల్లలో కూడా ఈ టైముకే తెస్తాం" అన్నాడు.

గదిలో మంచాలన్నీ ఒక్కసారి చప్పట్లు కొట్టాయి. సందులోకి రాగానే సార్ హైదరాబాద్‌కు ఫోన్ కలిపాడు. కోరుట్ల సెంటర్ ఉంటుంది, పన్నెండింటికి ఎర్రగా కనిపిస్తే కనిపించనివ్వండి, సాయంత్రం ఆరింటికి చూడండి అని గట్టిగా చెప్పాడు. నేను పక్కనే నిలబడి ప్రతి మాటా విన్నాను. వ్యాన్‌లోకి ఎక్కించిన సామాను ఆటో అన్న మళ్లీ దింపుతుంటే, ఎదుటి గాజు తలుపు వెనక నుంచి అందరూ చూశారు. నేను కావాలనే నెమ్మదిగా దింపమన్నాను.

కొన్నాళ్లకు మా మిషన్‌లో మధ్యాహ్నం అనే ఒక గడి వచ్చింది. అది నొక్కితే పన్నెండింటి లెక్కలోంచి ఆ పార్సిల్ తప్పుకుంటుంది. కోరుట్ల పచ్చబడింది, మా ఊరి పార్సిళ్లలో ఎక్కువ భాగం మా షట్టర్‌లోకే రావడం మొదలైంది. ఎదుటి వాళ్లూ మధ్యాహ్నం తిరగడం నేర్చారు గానీ, ఏ ఇల్లు ఏ కుప్పలోదో వాళ్లకు తెలియదు. ఒకరోజు వాళ్ల ఇంచార్జి మర్యాదగా వచ్చి అడిగాడు. చాయ్ తాగించాను, ఇళ్లు చెప్పలేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం మేనేజర్ సార్ ఫోన్ చేశాడు. సిరిసిల్ల సెంటర్ వాళ్లకు ఈ పద్ధతి మీరే నేర్పాలి మేడం, సోమవారం మూడు గంటలకు వస్తారా అన్నాడు. సిరిసిల్ల నేను పుట్టిన ఊరు. మా నాయిన సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడి పనిచేసిన ఊరు. అక్కడ ఇంకో చిక్కు ఉందని నాకు తెలుసు. సాంచెలు నడుస్తుంటే చేతిలో ఫోన్ మోగినా వినబడదు, డ్యూటీ మారే వేళకు పోవాలి. ఆ సంగతీ చెప్తాను అన్నాను.

"కని మూడింటికి నాకు కుదరది సార్. మధ్యాన్నం కోరుట్లల డ్యూటీ ఉంటది" అన్నాను.

అవతల కాయితం తిప్పిన చప్పుడు వినబడింది. తర్వాత, మరి మీకు ఎన్నింటికి వీలవుతుందో చెప్పండి మేడం, వాళ్లందరినీ ఆ టైముకే కూర్చోబెడతాను అన్నాడు.