బండి వేడెక్కేదాకా

నాకు పని నేర్పిన మా ఉస్తాద్ పోయాడు. పొద్దున్నే బెల్లంపల్లి షెడ్డులో ఒక లారీ కింద జాకీ పెడుతుంటే, ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన రోడ్డు దాటి వచ్చి చెప్పాడు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేవలేదట. నేను జాకీ దించేశాను, ఎందుకో మళ్ళీ ఎక్కించాను, తర్వాత చేతులు తుడుచుకుని పోయాను.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నేను బడికి పోయింది ఏడో తరగతి దాకానే. మిగతా చదువంతా లారీల వెనక రాతలూ, మిర్చీలు కట్టిచ్చిన పేపర్లూ. తప్పులుంటే ఉండనీ. కానీ మీరిది చదవాలి. మీ బొగ్గూ మీ బియ్యమూ మోసే బండిలో గేరు గర్రుమంటే ఆ దెబ్బ ఎవరి మీద పడుతుందో మీకు తెలియదు.

చెబుతాను. గేరు మార్చేటప్పుడు లోపల పళ్ళు ఒకదాన్నొకటి కొరికితే ఆ చప్పుడు వస్తుంది. వస్తే బండి సొంతదార్లు, మా సేట్లు, ముందు తిట్టేది డ్రైవర్‌నే. క్లచ్ సరిగా తొక్కడం లేదంటారు. బండి విప్పాలంటే రెండు రోజులు నిలపాలి. డ్రైవర్‌ను మార్చాలంటే తాళంచెవి లాక్కుంటే చాలు. ‘గేర్లు కొరికేటోడు’ అని ఒక్కసారి పేరు పడ్డవాడికి లారీల అడ్డాలో ఇంకెవరూ స్టీరింగ్ ఇవ్వరు. ఇది మా దగ్గర రివాజు. ఇంత దరిద్రపు రివాజు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

ఉస్తాద్ ఒక్కడే దీన్ని ఒప్పుకునేవాడు కాదు. గేరు మోగుతోందని బండి వస్తే పానా ముట్టేవాడు కాదు. ముందు డ్రైవర్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, “ఎప్పుడు మోగుతది, ఎక్కడ మోగుతది, నువ్వు చెప్పు బేటా” అని అడిగేవాడు. సేటు మధ్యలో నోరు పెడితే వినపడనట్టే ఉండేవాడు. తర్వాత బండిని గనుల రోడ్డు మీద బాగా వేడెక్కేదాకా తోలేవాడు. తిరిగి వచ్చి, ఇంజన్ నడుస్తుండగానే క్లచ్ నేల దాకా తొక్కి, మెల్లగా పది లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వేసేవాడు. చప్పుడు లేకుండా పడితే క్లచ్ మంచిదే. ఇక ఏ గేరు దగ్గర మోగుతోందో వెతకాలి. పది తర్వాత కూడా గర్రుమంటే క్లచ్ వదలడం లేదని అర్థం. “తొక్కినంక లోపలి చక్రాలు ఆగాలె. ఆగుతలేవంటే తొక్కినోని తప్పెట్లయితది?” అనేవాడు. ఎన్నిసార్లన్నాడో లెక్క లేదు.

క్లచ్ ప్లేట్ల దుమ్ము నోటితో ఊదొద్దని మాకు చెబుతూనే తాను ఊదేవాడు. ఆ దుమ్మే ఆయన ఛాతీలో చేరిందని నా నమ్మకం. డాక్టర్లు ఇంకేదో పేరు చెప్పారు.

రెండేళ్ళ కింద ఛాతీ నొప్పితో ఆయన పది రోజులు దవాఖానాలో ఉన్నప్పుడు షెడ్డు నా మీద పడింది. ఒక సేటు తన లారీనీ, పెద్దపల్లి డ్రైవర్‌నూ వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చాడు. గేర్లన్నీ మోగుతున్నాయట. లోడింగుకు టైమైపోతోందని నా నెత్తిన నిలబడ్డాడు. నేను క్యాబిన్ ఎక్కి, క్లచ్ తొక్కి, పది లెక్కపెట్టి రివర్స్ వేశాను. వెన్నలా పడింది.

కింద నిలబడ్డ డ్రైవర్ నన్ను బతిమాలాడు. “ఇప్పుడు గాదన్నా. గోదావరిఖని దాకా పోయినంక మోగుతది. జర వేడెక్కినంక చూడు.”

నేను వినలేదు. నాకు నేర్పడానికి వచ్చాడా అనుకున్నాను. సేటు ముందు ఉస్తాద్ అంతటివాణ్ని కావాలని ఉంది నాకు. “బండి మంచిగనే ఉన్నది సేట్, ఈయన కాలే మంచిగ లేదు” అన్నాను. సేటు అక్కడికక్కడే తాళంచెవి తీసుకున్నాడు. ఆ డ్రైవర్ తన దుప్పటీ, టిఫిన్ డబ్బా దించుకుని స్టేషన్ వైపు నడిచిపోయాడు.

నెల తిరగకుండానే అదే లారీ కొత్త డ్రైవర్‌తో అదే రోగంతో వచ్చింది. ఈసారి ఉస్తాద్ ఉన్నాడు. వేడెక్కేదాకా తోలి, పది లెక్కపెట్టి, రివర్స్ వేశాడు. షెడ్డు రేకులు అదిరేలా గర్రుమంది. గేర్‌బాక్సు దించి, ఇంజన్ చక్రం మధ్యలో కూర్చునే చిన్న బేరింగు ఊడదీశాడు. గేర్‌బాక్సు ఇరుసు కొన అందులో తిరుగుతుంది. అది పట్టేస్తే ఎంత తొక్కినా ఇంజన్ ఆ ఇరుసును తిప్పుతూనే ఉంటుంది. చల్లారాక నా చేతిలో పెట్టి తిప్పమన్నాడు, తిరిగింది. దాన్నే చాయ్ పొయ్యి మీద కాసేపు పెట్టి, గుడ్డతో పట్టి తిప్పమన్నాడు. కదల్లేదు.

ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండేది. “ఆయన చెప్పలేదా నీకు?” అని మాత్రం అడిగాడు. చెప్పాడన్నాను.

సేటుకు చెబితే, ఇప్పుడు కొత్తవాడున్నాడు కదా, ఆ పాతవాడి ముచ్చట ఎందుకన్నాడు. మరునాడు ఉస్తాద్ ఆ బేరింగును రుమాల్లో చుట్టుకుని, నన్ను తీసుకుని పెద్దపల్లి ప్యాసింజర్ ఎక్కాడు. దారంతా దగ్గుతూనే ఉన్నాడు.

డ్రైవర్ ఇంటి ముందు వాళ్ళ అవ్వ బీడీలు చుడుతోంది. కొడుకు బొంబాయి పక్కన భీవండి పోయాడని, అక్కడ బట్టలు నేసే సాంచెలు నడుపుతున్నాడని చెప్పింది. బండ్లు తోలే ఇంట్లోంచి బట్టల మిల్లుకు. అడ్రసు తెలియదంది. ఉస్తాద్ బేరింగు చూపించి, తప్పు దీనిదని మెల్లగా వివరించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“అయితే నా కొడుకు కాలు మంచిదేనా?” అని అడిగింది. “పోయే ముందు రోజూ గా ఎడమ కాలుకు నూనె రాసుకుంట కూసునేటోడు. గిదే దెబ్బ తీసిందే అవ్వా అనేటోడు.”

“కాలు మంచిదే అవ్వా. మా చెవులే మంచియి గావు” అన్నాడు ఉస్తాద్. ‘మా’ అన్నాడు. నన్ను చూపించలేదు.

అప్పటినుంచి ఆయనకు ఒకటే ధ్యాస. ఆ డ్రైవర్‌ను మళ్ళీ స్టీరింగ్ మీద చూడాలి. భీవండి నుంచి వచ్చే ప్రతి మనిషినీ అడిగాడు. అడ్డాలో ప్రతి సేటుకూ చెప్పాడు. వాళ్ళు తలూపారు, చాయ్ తాగారు, పోయారు. ఆ మనిషి రాలేదు. ఉత్తరం రాయమని నాకు చెప్పాడు, రాశాను. ఏ గల్లీకి పంపాలో తెలియక అది షెడ్డులోనే ఉంది. పోయిన వారం కూడా మంచం మీద నుంచి, “వచ్చిండా?” అన్నాడు. రాలేదన్నాను. ఇక రాడని కూడా నాకు తెలుసు. నా నోటి నుంచి ఊడిపడ్డ మాటను ఉస్తాద్ తన మీద వేసుకుని, రెండేళ్ళు మోసి, దించకుండానే పోయాడు. ఇందులో ఓదార్చుకోవడానికి ఏమీ లేదు. నన్ను ఓదార్చకండి.

జనాజాకు డ్రైవర్లు చాలామంది వచ్చారు. మంచిర్యాల నుంచి, రామగుండం నుంచి, బండ్లేసుకుని. మట్టి ఇచ్చేటప్పుడు వరసలో ఒక్కొక్క ముఖమే చూశాను. అతను లేడు.

అంతా అయ్యాక ఖబరస్తాన్ ముందు లారీలు ఒక్కొక్కటే కదిలాయి. మూడోదో నాలుగోదో, మొదటి గేరు వేస్తుండగా గట్టిగా గర్రుమంది. నిలబడ్డ వాళ్ళమంతా తలలు తిప్పాం. ఆ డ్రైవర్ కిటికీలోంచి మమ్మల్ని చూసి, సిగ్గుపడి, తప్పు తనదే అన్నట్టు చెయ్యెత్తాడు. లారీ మలుపు దగ్గరకు పోయేదాకా, బొగ్గు దుమ్ములో ఆ ఎత్తిన చెయ్యి అట్లాగే కనిపించింది.