మిరపపండు రంగు చీర

అంతోనమ్మ బీరువా తలుపు తీస్తే ఎవరి కళ్లూ చెదరవు. చెదరడానికి అందులో రంగంటూ ఒకటి ఉండాలి కదా! పై అరలో బూడిద రంగు, కింది అరలో వెలసిన గోధుమ రంగు, మధ్య అరలో కొన్ననాడే వెలిసిపోయినట్టున్న నీలం. కొన్ననాడు అన్నానా? తప్పు, నాలుక కరుచుకుంటున్నాను. అందులో ఒక్క చీర కూడా ఆమె కొన్నది కాదు. అన్నీ పెట్టుబోతల చీరలు. పెళ్లికి వెళితే ఒకటి పెడతారు, ఇల్లు కడితే ఒకటి పెడతారు, చావుకి వెళ్లినా ఒకటి పెడతారు.

మన ఇళ్లలో పెట్టుబోతల చీరల సంగతి తెలియనిదెవరికి? అవి కట్టుకోవడానికి నేసినవి కావు, ఊళ్లు తిరగడానికి నేసినవి. పుచ్చుకున్నావిడ మడత విప్పదు, రేపు ఇంకో ఇంట్లో శుభకార్యానికి అదే తీసుకెళ్లి పెట్టేస్తుంది. అలా తిరిగి తిరిగి, మొదట పెట్టినావిడ చేతికే వచ్చిన చీరలను నేను కళ్లారా చూశాను. కానీ అంతోనమ్మకు వచ్చే చీరలు మాత్రం ఆమె దగ్గరే ఆగిపోతాయి. ఆమెకు పెట్టేవి బూడిద రంగువి, బూడిద రంగు చీరను మొగుడున్న ఆడదానికి పెట్టకూడదు. అందుకని అవన్నీ ఆ బీరువాలోనే పేరుకుపోయాయి.

అంతోనమ్మది కొత్తగూడెం. ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పెనిమిటి ఇన్నయ్య బాయిలో పనిచేసేవాడు. బాయంటే బొగ్గు గని, ఆ ఊళ్లో అందరూ అలాగే అంటారు. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి కనురెప్పల దాకా మసి. "దినమంత నల్లగ చూసి చూసి వస్తనే, ఇంటికొస్తే జర రంగు కనవడాలె" అనేవాడు. పండగొస్తే తానే దుకాణంలో కూర్చుని పసుపు, చిలకపచ్చ, గులాబీ ఏరి ఏరి కొనేవాడు. తోటి కార్మికులు ఆటపట్టించినా నవ్వేసి ఊరుకునేవాడు.

ఆరేళ్ల కిందట గుండె ఆగి పోయాడు. దినం నాడు చుట్టాలు తలా ఒక చీర తెచ్చి ఆమె ఒళ్లో పెట్టారు. ఇన్నయ్య అక్క లూర్ధమ్మ బూడిద రంగు చీర పెట్టి, "ఇగ నీకు గివే బాగుంటయే" అంది. ఇన్నయ్య ఏరి కొన్న రంగు చీరలు ఆ వారం రోజుల్లోనే బీరువాలోంచి మాయమయ్యాయి. ఒకావిడ పసుపుది, ఒకావిడ గులాబీది. "నీకెందుకే ఇంక" అంటూ సర్దుకుపోయారు. శోకంలో ఉన్న మనిషి కిమ్మనలేదు, నిజమే. కిమ్మనలేదని ఇల్లు ఊడ్చుకుపోతారా?

నాకు ఒళ్లు మండేది ఎక్కడో తెలుసా? వీళ్లంతా ఆదివారమాదివారం చర్చి గుడికెళ్లి, ఫాదర్ చెప్పే పూజలో మోకరించేవాళ్లే. ముహూర్తాలు లేవు, వర్జ్యాలు లేవు, పాత పట్టింపులు మాకెందుకు అని గొప్పగా చెప్పుకునేవాళ్లే. మొగుడు పోయిన ఆడదాని చీర దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడెక్కడి పట్టింపులూ గుర్తుకొస్తాయి. ఏ సువార్తలో రాసి ఉంది? ఏ ఫాదర్ చెప్పాడు?

సరే, అసలు సంగతికొస్తాను. పోయిన డిసెంబరులో అంతోనమ్మ కోడలు జెస్సికా ఫోన్లో ఏవో వీడియోలు చూసింది. కొత్త సంవత్సరానికి ముందే స్టైల్ తీర్మానం చేసుకోవాలట. ఈ ఏడాదంతా నేనెలా కనబడాలి అని మొదలే అనుకుని, దానికి సరిపోనివన్నీ బీరువాలోంచి తీసేయాలట. జెస్సికా తన తీర్మానాన్ని చీటీ మీద రాసి అద్దానికి అంటించింది: "సింపుల్‌గా, క్లాస్‌గా." క్లాస్ అంటే ఏమిటయ్యా అంటే బూడిద రంగు, గోధుమ రంగు, వెలసిన తెలుపు! "ఇప్పుడు ఫ్యాషనంటే గివే అత్తమ్మా. మీరైతే లక్కీ, మీ దగ్గర ముందే ఉన్నయి" అని పకపకా నవ్వింది. ఇరవై ఆరేళ్ల పిల్ల ముచ్చటపడి కట్టుకుంటే క్లాసు. అదే రంగును ఇంకో మనిషికి ఆరేళ్లు బలవంతాన చుట్టబెడితే దాన్నేమనాలో ఆ వీడియోలో చెప్పలేదు కాబోలు.

"మరి మీ స్టైల్ ఏంది అత్తమ్మా?" అని కూడా అడిగింది, నవ్వులాటకే.

అంతోనమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండా "రంగు" అంది.

జెస్సికా నవ్వింది. అక్కడే అన్నం తింటున్న కొడుకు జస్టిన్ కూడా నవ్వాడు. అంతోనమ్మ మాత్రం నవ్వలేదు. మర్నాడు హాస్టల్ పని అయ్యాక ఒక్కతే బట్టల దుకాణానికి వెళ్లింది. ఆమె బోసి మెడను, కట్టిన చీరను ఒక్క చూపు చూసి, దుకాణంవాడు అడక్కుండానే లేత రంగులు గుట్టగా పరిచాడు. "మీ ఏజ్‌కు గివి మంచిగుంటయమ్మా" అన్నాడు.

"నా ఏజ్ సంగతి నిన్నడిగిన్నా? ఆ పైన ఎర్రది దింపు" అంది.

ఖమ్మం మార్కెట్ యార్డులో కుప్ప పోసిన మిరపపండ్లు చూశారా? అచ్చం ఆ రంగు. దానికి ముదురాకుపచ్చ అంచు. చిన్నప్పుడు తల్లి వెంట చేలల్లో మిరపకాయలు ఏరిన మనిషికి ఆ రంగు చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఆకుపచ్చ జాకెట్ ముక్క విడిగా కొని దర్జీకిచ్చి, చీరను కవరుతో సహా బీరువా అడుగున దాచింది. జనవరి ఒకటిన పొద్దటి పూజకు ఇదే కట్టుకుని గుడికి వెళ్లాలి, ఆ తర్వాత ఏడాదంతా తనకు నచ్చిందే కట్టుకోవాలి. ఇదీ ఆమె తీర్మానం. చెబితే పదిమంది పది మాటలంటారని ఎవరికీ చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే కొంప ముంచింది.

ఆ వారంలోనే పెనుబల్లిలో లూర్ధమ్మ కొత్త ఇంటికి దీవెన పెట్టుకుంది. ఫోన్ చేసి ఏమందో వినండి. "పిల్లలిద్దర్ని పంపు అంతోనమ్మా. నువ్వు తర్వాత తీరిగ్గ రా." అంటే ఏమిటి? కొత్త గడప మీద మొదటి రోజే మొగుడు పోయిన కాలు పడొద్దని! సొంత తమ్ముడి పెళ్లామండీ! అంతోనమ్మ "అట్లనే వదినె" అని ఫోన్ పెట్టేసింది. జస్టిన్, జెస్సికా పళ్లూ చీరా తీసుకుని వెళ్లొచ్చారు.

డిసెంబరు ముప్పై ఒకటి పొద్దున అంతోనమ్మ దర్జీ దగ్గర్నుంచి జాకెట్ తెచ్చుకుంది. చీర అంచుకు పెట్టి చూసుకుందామని బీరువా తెరిచి కింది అరలో చెయ్యి పెట్టింది. కవరు లేదు. బట్టలన్నీ మంచం మీద కుమ్మరించింది. లేదు.

"జెస్సికా! కింద అరల కవరుండాలె, ఏదే?"

"ఆ ఎర్ర చీరనా అత్తమ్మా? మొన్న బీరువా సర్దినప్పుడు దొరికింది. పెట్టుబోతలకు తెచ్చి పెట్టిన్రేమో అనుకున్న. పెద్దత్తమ్మ ఇంటి దీవెనకు అదే పట్టుకపోయి పెట్టినం."

"నన్నొక్క మాట అడగొద్దానే?"

"ఎర్రగ ఉంది గదా అత్తమ్మా! మీకోసమని ఎట్లనుకుంట?"

ఆ పిల్ల పొగరుతో అన్న మాట కాదది. నిజంగానే తోచలేదు. ఇంట్లో ఎర్ర చీర కనబడితే అది అత్త కట్టుకునేదై ఉంటుందన్న ఊహే రాలేదు ఆమెకు. అంతోనమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది ఆ మాటకే. చెడ్డతనమైతే తిట్టి ఊరుకోవచ్చు, ఇదేమిటి? తను బతికున్న మనిషని కూడా తోచదా వీళ్లకు?

జస్టిన్ సర్దిచెప్పబోయాడు. "పోనియ్యమ్మా. అత్తకు పెట్టింది ఎనుకకు అడుగుతమా? సాయంత్రం ఇంకోటి కొందాం పా. మంచిది చూసి, లేత రంగుది."

"లేత రంగుదా!" అంది అంతోనమ్మ. జాకెట్ సంచిలో పెట్టుకుంది. కోడలికొచ్చిన పెట్టుబోతల చీరల్లోంచి మంచి రంగువి రెండు తీసి ఆ సంచిలోనే కుక్కింది. కట్టుకున్న బూడిద చీర కొంగు బిగించి బస్టాండుకు నడిచింది. ఆ చీర లూర్ధమ్మ దినం నాడు పెట్టిందే. ఎన్ని ఉతుకులు ఉతికినా చిరగని పాపిష్టి చీర.

పెనుబల్లి మీదుగా పోయే సత్తుపల్లి బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. దారి పొడుగునా జామాయిల్ చెట్లు, పామాయిల్ తోటలు. ఆమె దేన్నీ చూడలేదు. పెట్టిన చీర తిరిగి అడగడమంటే మన దగ్గర ఎంత తలవంపులో ఆమెకు తెలియక కాదు. అయినా ఈరోజు ఊరుకుంటే ఇక ఎప్పటికీ అడగలేనని ఆమెకు తెలుసు. మధ్యలో రెండుసార్లు దిగిపోదామనుకుంది. దిగలేదు.

కొత్త ఇంటి ముందు షామియానా ఇంకా విప్పలేదు. హాల్లో లూర్ధమ్మ తన వియ్యపురాలిని సాగనంపుతోంది. స్టీలు పళ్లెంలో అరటిపళ్లు, జాకెట్ ముక్క, వాటి మీద కవరుతో సహా మిరపపండు రంగు చీర! వచ్చి రెండ్రోజులైనా కాలేదు, అప్పుడే మళ్లీ ప్రయాణానికి తయారు. వియ్యపురాలు రెండు చేతులూ చాచి పళ్లెం అందుకుంటోంది.

"రా రా అంతోనమ్మా, గిప్పుడా వచ్చేది?" అంది లూర్ధమ్మ.

"తీరిగ్గ రమ్మన్నవ్ గదా వదినె, తీరిగ్గనే వచ్చిన. ఆ పళ్లెంల చీర నాది."

"ఏందీ?"

"నాది. నేను కొనుక్కున్న. పిల్లలు తెల్వక తెచ్చిన్రు." అంటూనే కవరు తీసేసుకుని, దాని చోట సంచిలోని రెండు చీరలూ పెట్టింది. "ఏమనుకోకు అక్కా, ఒకటికి రెండు పెట్టిన" అంది వియ్యపురాలితో. ఆవిడ పాపం పళ్లెం పట్టుకోవాలో వదిలేయాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

లూర్ధమ్మ ముఖం కందగడ్డయింది. మరదలి రెక్క పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయి తలుపు వేసింది.

"ఇజ్జత్ తీసినవ్ గదనే! పెట్టిన చీర ఎనుకకు గుంజుకుంటరా ఎవలన్న? గంతగనం ఎవలికి కొన్నవ్? జెస్సికాకా?"

"నాకు."

లూర్ధమ్మ నోరెళ్లబెట్టింది. "నీకా? గీ ఎర్రదా? తమ్ముడు పోయినంక నీకిదేం బుద్ధే? నలుగురు నవ్వరా? వాడు పైనుంచి చూస్తే ఏమనుకుంటడు?"

ఆ మాటతో అంతోనమ్మకు ఆరేళ్లుగా అణిచిపెట్టుకున్నదంతా గొంతులోకి వచ్చింది.

"ఏమనుకుంటడా? ఇంటికొస్తే రంగు కనవడాలె అనెటోడు నీ తమ్ముడు. నీకు తెల్వదా వదినె? నీ ముందలనే ఎన్నిసార్లన్నడు! ఇప్పుడు చూస్తే గీ బూడిదేందే నీకు అని నన్నే కొట్లాడతడు. ఆయన పోయిండని ఏడ్చిన. ఇప్పటికీ ఏడుస్తున్న. ఆయన ఏరి కొన్న చీరలు మీరే పంచుకపోతిరి. ఏడ్వనీకి గూడ మీరు చెప్పిన రంగే కట్టాల్నా?"

లూర్ధమ్మ మంచం మీద కూలబడింది. అంతోనమ్మ ఆమె ఎదుటనే జాకెట్ మార్చుకుంది, కవరు చింపి కొత్త చీర కట్టుకుంది, కుచ్చిళ్లు సవరించుకుంది. కుచ్చిళ్లు చక్కగా కుదిరాయి. విడిచిన బూడిద చీరను నాలుగు మడతలు వేసి తీసుకెళ్లి లూర్ధమ్మ ఒళ్లో పెట్టింది.

"ఇల్లు కట్టుకున్నవ్, నా చేత్తో నేనేం పెట్టలే. ఇది నువ్వు పెట్టిందే, మంచి చీర. రేపు పూజకు కట్టుకో వదినె."

లూర్ధమ్మ నిప్పు పడ్డట్టు ఎగిరి లేచింది. చీర గచ్చు మీద పడింది. "ఓ దేవుడా! ఏం మనిషివే నువ్వు! మొగుడు పోయినోళ్ల చీర నా ఒళ్లె పెడ్తవా? నా మొగుడు, మీ అన్న, నిక్షేపంగ ఉండంగ! థూ, పాడు మాట!" అంటూ తన కొంగు దులుపుకుంది.

అంతోనమ్మ ఆ దులుపుకోవడం అయ్యేదాకా ఆగింది.

"ఒక్క నిమిషం ఒళ్లె ఉంటేనే గంత మంట పుట్టెనా వదినె? నేను ఆరేండ్లు కట్టుకున్న."

లూర్ధమ్మ కాలి దగ్గర పడ్డ చీరకేసి చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. అంతోనమ్మ సంచి తీసుకుని తలుపు తెరిచింది. హాల్లో వియ్యపురాలు ఇంకా పళ్లెంతోనే ఉంది.

సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి జెస్సికా గుమ్మంలో నిలబడి ఉంది. అత్తను కింది నుంచి పైదాకా చూసి కళ్లు తుడుచుకుంది. "ఫాల్ కుట్టలే గదా అత్తమ్మా, ఇటియ్యండి, పొద్దటికల్లా కుడత" అంది. కుట్టింది కూడా.

జనవరి ఒకటిన పొద్దటి పూజకు అంతోనమ్మ మిరపపండు రంగు చీరలో వెళ్లి ముందు వరుసలో కూర్చుంది. వెనక గుసగుసలు వినబడ్డాయి. ఆమె పాటలన్నీ గొంతెత్తి పాడింది. ఇంటికొచ్చి కూరకు తాలింపు వేస్తుండగా లూర్ధమ్మ ఫోన్ చేసింది. పండగ శుభాకాంక్షలు లేవు, పలకరింపు లేదు.

"ఆ చీర గీడనే వదిలేసి పోయినవ్. ముట్టుకుందామంటే చెయ్యి వస్తలేదు. ఏం చేయమంటవే దాన్ని?"

"కొత్తిల్లు గదా వదినె" అంది అంతోనమ్మ, గరిటె తిప్పుతూనే. "గచ్చు తుడుసుకో."