సింహాచలం మావ కుళాయి

ఒక అబద్ధం ఇన్నేళ్లుగా నా లోపల తిష్ఠ వేసుకుని కూర్చుంది. పిల్లల పెళ్లిళ్లు చేశాను, రిటైరయ్యాను, అది మాత్రం లేవలేదు. దాన్ని ఇవాళ మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. క్షమించమని అడగను. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. నేను నీళ్లు దొంగిలించాను, దానికి సిగ్గుపడటం లేదు. ఆ రోజులు మళ్లీ వస్తే మళ్లీ దొంగిలిస్తాను. నా బరువు అది కాదు. కానీ అది చెప్పకుండా అసలు సంగతి చెప్పడం నాకు చేతకాదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి కాలం. జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ యార్డు పక్కన బాగ్‌బేరాలో మా తెలుగువాళ్ల బస్తీ. సగంమంది రైల్వే ఖలాసీలు, మిగతావాళ్లు కాంట్రాక్టు ఠేకేదార్ల కింద కూలీలు. నేను నీళ్ల ఆఫీసులో పైపు ఫిట్టర్ని. కారే జాయింట్లు బిగించడమూ నా పనే, బిల్లు కట్టనివాళ్ల లైను కోసెయ్యడమూ నా పనే.

ఆ బిల్లులో నీళ్లకి ఒక మొత్తం, మురుగు కాలువకి ఇంకో మొత్తం వేసేవారు. నీళ్లు వచ్చేవి. మురుగు లైను మాత్రం మా వైపు రానే లేదు. వానొస్తే ఇంటిముందున్న కచ్చా కాలువ గుమ్మం ఎక్కేది. రాని లైనుకి డబ్బెందుకు కట్టాలని మా అక్క వీధివాళ్లు బిల్లే మానేశారు. తప్పేముంది? మా అక్కకి మొగుడు పోయాడు, క్వార్టర్లలో అంట్లు తోమి పిల్లల్ని సాకేది. ఆ వీధి లైను కొయ్యమని ఆఫీసు నన్నే పంపింది. కోశాను. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. తిట్టినా బాగుండేది.

కొన్నాళ్లకి, వాన హోరుమని పడుతున్న ఒక మధ్యాహ్నం, కాలువలో మోకాళ్లదాకా దిగి ఆ లైను నేనే మళ్లీ కలిపాను. పైన మట్టి కప్పాను. అక్కావాళ్ల కుళాయిలు పెరట్లో ఉండేవి కాబట్టి పైవాళ్లకి తెలియలేదు.

దొంగతనమే. అయితే ఏం?

అయితే ఏమిటో సింహాచలం మావకి తెలుసు. నాకు చుట్టం కాదు, మా వైపు పెద్దవాళ్లని అలాగే పిలుస్తాం. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, అక్క వీధి పక్క వీధిలో, అదే పెద్ద లైను చివర ఉండేవాడు. అందరికంటే ముందు బిల్లు కట్టి, అందరినీ కట్టమని పోరేవాడు. పంపు తిరగాలన్నా, నీళ్లలో మందు కలపాలన్నా, రేపు మురుగు పైపు వెయ్యాలన్నా మనం కట్టిన డబ్బేగాని ఆకాశంలోంచి ఊడిపడదని వాదించేవాడు. మేం నవ్వేవాళ్లం.

నేను లైను కలిపాక ఆయన వీధిలో ధార సన్నబడింది. ఎండాకాలానికి పూర్తిగా ఆగిపోయింది. బిల్లు కట్టినవాళ్ల నీళ్లు కట్టనివాళ్ల బిందెల్లో పడుతున్నాయి. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఆఫీసు మీద కోపం, దాని దెబ్బ మాత్రం సింహాచలం మావ వీధికి. అక్క పిల్లల మొహాలు చూసి దాని గురించి ఆలోచించడం మానేశాను.

మావ ఊరుకోలేదు. లైను తనిఖీ చెయ్యమని ఆఫీసుకి వెళ్లి అడిగాడు. మా ఆఫీసు ఇంజనీరు జేఈ సాబ్ నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఊరంతా ఎండిపోయినా మావ పెరట్లో ఆనపపాదు పచ్చగా ఉంది. మావ పెళ్లాం ముసలమ్మ గిన్నెలు కడిగిన నీళ్లు దాని మొదట్లో పోసేది. జేఈ ఆ పాదు చూశాడు, నన్ను చూశాడు. ఇంకొంచెం ముందుకి నడిస్తే నేను కప్పిన మట్టి కనిపిస్తుంది. నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఇస్‌నే మోటర్ లగాయా హై, సాబ్. హమ్‌కో దేఖ్‌కే ఛుపా దియా."

మావ లైనుకి మోటారు పెట్టి వీధి నీళ్లన్నీ లాగేస్తున్నాడని, మమ్మల్ని చూసి దాచేశాడని అన్నాను. జేఈ వెతకను కూడా వెతకలేదు. నేను ఆయన మనిషిని. ఆ పూటే మావ కుళాయి కోశాను. తమ నీళ్లు తాగేశాడని ఆయన వీధివాళ్లే ఆయన మొహాన ఉమ్మినంత పని చేశారు.

మర్నాడు పొద్దున్నే మావ మా ఇంటికొచ్చాడు. కూర్చోలేదు.

"మీ అక్క ఈదిలో మట్టి కొత్తగుందిరా. సూసేను," అన్నాడు.

నేను కూర్చోమని పీట జరిపాను.

"కలిపేవు. సరే, పిల్లలు తాగాల. నా పేరెందుకు సెప్పేవు?"

"ఏటి సెయ్యమంటావు మావా? నౌక్రీ పోతాది."

"నాను సెప్తే పోతాది. సెప్పను. నువ్వే సెప్పు."

"రేపు సెప్తాను మావా."

"సెప్పు మరి," అని వెళ్లిపోయాడు.

ఆ రేపు రాలేదు. వానలు పడి ఆయన వీధిలో ధార కాస్త తిరిగొచ్చేసరికి అందరూ నా మాటే నిజమనుకున్నారు. జరిమానా కట్టి, మోటారు పెట్టానని సంతకం చేస్తే కుళాయి తిరిగిస్తామంది ఆఫీసు. మావ సంతకం పెట్టలేదు. ముసలమ్మ పట్టాలు దాటి రైల్వే పంపు నుంచి నీళ్లు మోసింది. ఒకరోజు కంకరలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. తర్వాత మావే మోశాడు. దారిలో నేను కనిపిస్తే బిందె దించి, ఒక్క క్షణం నా వంక చూసి, మళ్లీ ఎత్తుకునేవాడు. ఆయన నమ్మి ఎదురుచూశాడు. ఆ నమ్మకాన్ని నేనెంత అసహ్యించుకున్నానో!

ఆయన పోయినప్పుడు శవానికి స్నానం చేయించడానికి నీళ్లు మా అక్క ఇంటి నుంచే తెచ్చారు. బిందె మోసింది నేనే. అక్కడా చెప్పలేదు.

తర్వాత ఎప్పటికో మురుగు లైను వచ్చింది. అది ఎవరి డబ్బుతో వచ్చిందో మీకు చెప్పనక్కర్లేదు. రాకముందే అన్నేళ్లు వసూలు చేయడం అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను, ఏ ఆఫీసరు ముందైనా అంటాను. నేను కలిపిన లైను న్యాయమే. కానీ ఆ న్యాయానికి పణంగా నా నౌక్రీ పెట్టాల్సింది. మావ పరువు పెట్టాను.

ఆయన వీధివాళ్లలో ఎవరైనా ఇది చదివితే వినండి. సింహాచలం మావ మోటారు పెట్టలేదు. నేను అబద్ధం చెప్పాను.