కుక్కకాట్లు: నిల్

మార్చి మొదటి సోమవారం, ఉదయం ఆరున్నరకు మా సాయుధ బలగం ట్రక్కు హైటెక్ సిటీలో ఆగింది. ముప్పై రెండు మందిమి దిగాం. మనిషికొక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, ఒక రైఫిల్. ఎదురుగా అద్దాల మేడలు. వాటి వెనక ఇంకా పగలగొట్టని బండరాళ్ళ గుట్ట. ఎండ అప్పుడే అద్దాల మీద పడి కళ్ళలోకి కొడుతోంది.

అంతకు ముందు రెండేళ్ళు అడవి అంచు క్యాంపుల్లో ఉన్నాం. అక్కడ మందుపాతరల భయానికి ప్రతి అడుగూ నేల చూసి వేసేవాళ్ళం. ఇక్కడ గడ్డి కూడా కొలిచి కత్తిరించి ఉంది. దేవుడు దయతలిచి సెలవులిచ్చాడనుకున్నాను. ట్రక్కు పక్కనే నిలబడి చేతులు జోడించాను కూడా.

ఆ డ్యూటీలో మేం ఒక మనిషిని పోగొట్టుకున్నాం. తూటాకు కాదు. ఆయన వెనకే ఇంకో నలుగురు పోవలసింది, పోలేదు. "బలగంలో ఏం చూశావమ్మా?" అని ఇంటికొచ్చాక ఎవరడిగినా ఇన్నాళ్ళూ అడవి సంగతులే చెప్పాను. ఇది చెప్పలేదు.

మా పని ఒక పెద్ద ఐటీ క్యాంపస్‌కు కాపలా. రెండు గేట్లు, మూడు షిఫ్టులు: ఐదు నుంచి ఒంటిగంట, ఒంటిగంట నుంచి తొమ్మిది, తొమ్మిది నుంచి ఐదు. మీలో కొందరు ఆ గేట్ల దగ్గర మెడలోని కార్డు ఎత్తి చూపించి లోపలికి వెళ్ళినవాళ్ళే. గోడ పక్కన రేకుల షెడ్డు మా బారక్. మధ్యాహ్నం రెండింటికి రేకు టిక్కుటిక్కుమని చప్పుడు చేసేది.

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. మా అమ్మ వంటింట్లో పలక పెట్టి నేర్పింది. పది ఓపెన్ స్కూల్లో రాసి, కానిస్టేబుల్‌గా చేరాను. చేతిరాత బాగుందని మా కమాండర్ నన్ను రైటర్‌గా పెట్టుకున్నాడు. డ్యూటీ పట్టీ, ఆయుధాల జాబితా, రోజువారీ డైరీ, వైర్‌లెస్ సెట్టు నా బల్ల మీదే ఉండేవి. ఆ బల్ల ఇచ్చినందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞురాలినే.

మా జీపు డ్రైవర్‌కు యాభై రెండేళ్ళు. బాచుపల్లి పక్క ఊరివాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇంటికి దగ్గరగా పోస్టింగ్ రావడం అదే మొదటిసారి. అందరికీ డ్రైవరన్న.

"పెండ్లయి ముప్పై ఏండ్లు, చెల్లె. మా ఇంటామె ఇప్పుడు నన్ను కొత్తగ జూస్తున్నది" అన్నాడు మొదటి వారం.

"మంచిదే కదన్నా."

"ఏం మంచి? ఆదివారం ఆదివారం కూరగాయలకు తోలుతున్నది. అడివిల్నే నయముండె!"

ఒక గోధుమరంగు కుక్కపిల్ల వెనక గేటులోంచి వచ్చి జీపు కింద చేరింది. నాలుగైదు నెలలది. ఆఫీసు పిల్లలు బిస్కెట్లు వేసేవాళ్ళు. డ్రైవరన్న దానికి సెంట్రీ, అంటే కాపలా జవాను, అని పేరు పెట్టాడు. అది వచ్చిన నాలుగో రోజు, గుట్ట వైపు నుంచి ఒక నల్ల కుక్క ఊగుతూ వచ్చి, దాని చెవి కొరికి, ఎటో పోయింది. వంటమాస్టర్ గాయానికి పసుపు అద్దాడు. మానిపోయింది. డైరీలో రాయలేదు. కుక్క గాయాలు రాయడానికి డైరీలో గడి లేదు.

మార్చి ఆఖరి వారం, ఉదయం ఏడూ పది. సెట్టు పలికింది.

"కంట్రోల్, గేటు టూ. సెంట్రీకి పానం బాగలేదు. ఓవర్."

"ఏ సెంట్రీ? నంబరు చెప్పు. ఓవర్."

"మన కుక్కక్కా! జీపు కింద. జల్ది రా. ఓవర్."

గేటు టూలో ఉన్నది ఇరవై మూడేళ్ళ కానిస్టేబుల్, కరీంనగర్ పిల్ల. నేను వెళ్ళేసరికి డ్రైవరన్న, వంటమాస్టర్, క్యాంపస్ ఊడ్చే పోచమ్మ అప్పటికే చుట్టూ ఉన్నారు. సెంట్రీ కింది దవడ వేలాడుతోంది. చొంగ తీగలా కారుతోంది. మొరగబోతే బొంగురు గాలి వస్తోంది. గిన్నెలో నీళ్ళు పెడితే మూతి ముంచింది. నీళ్ళు లోపలికి పోలేదు. మమ్మల్ని చూసి తోక కదిలించింది. కోపం లేదు, గుర్రుమనడం లేదు.

"బొక్క ఇరుక్కున్నది" అన్నాడు డ్రైవరన్న. "మా బర్రెకు గిట్లనే అయితే మా నాయిన చెయ్యి వెట్టి తీసిండు. ఓ పిల్లా, నోరు తెరిచి పట్టు."

"అన్నా, కరుస్తదేమో?"

"ఇది కరుస్తదా? నువ్వే కరిచేటట్టున్నవ్."

గేటు పిల్ల దవడలు పట్టుకుంది. వంటమాస్టర్ వెనక కాళ్ళు అదిమాడు. డ్రైవరన్న చొక్కా చెయ్యి పైకి మడిచి, కుడిచేతి రెండు వేళ్ళు దాని గొంతు దాకా పోనిచ్చాడు. ఆయన వేళ్ళ కొసలు ఎప్పుడూ పగిలే ఉండేవి, స్పానర్ల పని. రెండు నిమిషాలు వెతికాడు. బొక్క లేదు.

"లోపలికి జారిందేమోనండి" అన్నాడు వంటమాస్టర్. ఆయనది భీమవరం వైపు. చెంబుతో నీళ్ళు పోసి దాని మూతి కడిగాడు. నేను కర్చీఫుతో తుడిచాను. పోచమ్మ నేల తుడిచింది. డ్రైవరన్న చెయ్యి ప్యాంటుకు రాసుకున్నాడు. ఎనిమిదింటికి అందరం మా పనుల్లో ఉన్నాం.

మూడో రోజు అది చచ్చిపోయింది. డ్రైవరన్నే గుట్ట కింద గొయ్యి తీసి పూడ్చాడు.

మా కమాండర్ రాజస్థాన్ మనిషి, జాగ్రత్త ఎక్కువ. సాయంత్రం ఐదున్నరకు రోల్‌కాల్‌లో అందరినీ నిలబెట్టి అడిగాడు.

"కుత్తేనే కిసీకో కాటా?"

"నై సాబ్!" ఒకే గొంతుతో అన్నాం.

నిజమే చెప్పాం. ఎవరినీ కరవలేదు. వరుసలో నిలబడ్డాక అడిగినదానికే జవాబు, కథలు చెప్పకూడదు. శిక్షణలో మొదటి నెలే ఆ సంగతి ఒంటికి పట్టిస్తారు. గేటు పిల్ల నోరు తెరవబోయి మూసుకోవడం నేను చూశాను. ఏం చెప్పబోయిందో అడగలేదు. డైరీ తెరిచి గుండ్రటి అక్షరాలతో రాశాను: కుక్కకాట్లు: నిల్. కమాండర్ సంతకం చేశాడు.

మే రెండో వారం. నలభై డిగ్రీలు దాటిన ఎండ. డ్రైవరన్న కుడి చెయ్యి విదిలించుకుంటున్నాడు.

"ఏమైందన్నా?"

"వేళ్ళల్ల చీమలు పారినట్టున్నది. స్టీరింగ్ పట్టి పట్టి నరం పట్టిందేమో."

మర్నాడు జ్వరం. ఆ మర్నాడు టీ ముట్టలేదు. గ్లాసు పెదవి దాకా తెచ్చి దించేశాడు. "గొంతు పట్టింది" అన్నాడు. దగ్గర్లోని క్లినిక్‌లో గొంతుకు మాత్రలిచ్చారు. సాయంత్రం జీపు అద్దాలన్నీ ఎక్కించుకుని లోపల కూర్చుని ఉన్నాడు, ఆ ఎండలో. తలుపు తీస్తే ఉలిక్కిపడ్డాడు. "గాలి రానియ్యకు, చెల్లె. గాలికి గొంతు పిసికినట్టయితున్నది."

మర్నాడు పొద్దున్నే సర్కారు దవాఖానలో చేర్చాం. తొమ్మిదింటికి కాగితాలు పట్టుకుని నేను వెళ్ళాను. డాక్టరమ్మ సన్నటి మనిషి, కళ్ళ కింద నల్లగా ఉంది. వార్డులో ఫ్యాన్ ఆపించింది.

"ఇతన్ని కుక్క కరిచిందా?"

"లేదు మేడం." డైరీ వెంట తెచ్చాను. తెరిచి చూపించాను. "ఇదిగోండి, నిల్."

ఆమె డైరీ చూడలేదు. నన్ను చూసింది.

"కరిచిందా అని వదిలెయ్యి. జబ్బు చేసిన కుక్కను ఎప్పుడైనా ముట్టుకున్నాడా? నోట్లో చెయ్యి పెట్టాడా?"

నోట్లో చెయ్యి. ఆమె ఆ ఉదయం మా పక్కన నిలబడి చూసినట్టే అడిగింది.

"దవడ వేలాడిందా? బొక్క ఇరుక్కుందనుకున్నారా?" తల ఊపాను. "రేబిస్ కుక్క అంటే మీద పడి కరిచేదే అనుకుంటారు అందరూ. నోరు మూసుకోలేక మూలన కూర్చునేది ఇంకోటి ఉంది. దవడ, గొంతు చచ్చుబడిపోతాయి. చూస్తే జాలేస్తుంది. జాలిపడ్డవాళ్ళే చెయ్యి పెడతారు. దాని చొంగ పగిలిన చర్మానికి తగిలితే చాలమ్మా, పన్ను దిగక్కర్లేదు. వెంటనే సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే సూదులు మొదలుపెట్టి ఉంటే..." ఆగింది. "నరాల వెంట మెదడుకు ఎక్కాక మందు లేదు. ఇతనికి టైము దాటిపోయింది. మిగతావాళ్ళకు ఇంకా దాటి ఉండకపోవచ్చు. ఎవరెవరున్నారు ఆ రోజు?"

ఆరు వారాల కిందటి మాట. గేటు పిల్ల గుర్తుంది. ఇంకెవరు? నేను రాసిన పుస్తకంలో ఆ ఉదయం గురించి ఒక్క పేరు లేదు. ముప్పై రెండు మంది, పైగా బయటివాళ్ళు. పేజీ తిప్పాను, మళ్ళీ వెనక్కి తిప్పాను.

"నేను జెప్త" అన్నాడు డ్రైవరన్న మంచం మీంచి. చెమటతో ముద్దయి ఉన్నాడు. తెలివి మాత్రం నిఖార్సుగా ఉంది. ఆ జబ్బులో మధ్యమధ్య అలా ఉంటుందని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. "రాసుకో, చెల్లె."

గొంతు బిగుసుకుంది. మెడ వెనక్కి విరిచాడు. తగ్గాక చెప్పాడు.

"గేటు పిల్ల. నోరు తెరిచి పట్టింది. గోళ్ళు కొరుక్కుంటది అది, వేళ్ళు ఎప్పుడూ పచ్చిగనే ఉంటయ్."

రాశాను.

"వంటాయన. మూతి కడిగిండు. కూరగాయలు కోసే చెయ్యి."

రాశాను.

"పోచమ్మ. ఉత్త చేతులతోటి నేల తుడిచింది. క్యాంపస్ల పని ఇడిశిపెట్టి పోయింది. ప్రగతి నగర్ చౌరస్తల నేనే దించిన ఒకపారి. నిజాంపేటల ఏదో పోరగాండ్ల హాస్టల్ల పని దొరికిందన్నది."

రాశాను. కలానికి మూత పెట్టాను.

"మూత వెట్టకు. ఇంకోటున్నది. నువ్వు."

"నేనా?"

"కర్చీపుతోని తుడిశినవ్. బొటనేలుకు పట్టీ ఉండె నీకు. మర్శినవా?"

కుక్క మూతి తుడిచిన ముందురోజు ఫైలు దారం లాగుతూ వేలు కోసుకున్నాను. తడిసిన కర్చీఫును అదే చేత్తో పిండాను. నిల్ అని రాసింది కూడా ఆ చేత్తోనే. వేలు చూసుకున్నాను. మచ్చ కూడా లేదు.

"అన్నా, నీకు..."

"నా ఫికర్ ఇడిశిపెట్టు. పో. పోచమ్మను దేవులాడు."

పదకొండు గంటలకు నేను, గేటు పిల్ల నిజాంపేటలో దిగాం. సందు సందుకీ హాస్టల్ బోర్డు. బాల్కనీల్లో జీన్స్ ప్యాంట్లు ఆరుతున్నాయి. ఒక్కో గేటు దగ్గరా అదే ప్రశ్న. నలుగురు పోచమ్మలు దొరికారు, మా పోచమ్మ కాదు. గేటు పిల్ల ఏడుస్తూనే నడిచింది, నడుస్తూనే అడిగింది. "అక్కా, మనకు గూడ టైము దాటిందా?" నాకు తెలియదు. మూడున్నరకు ఒక వంటగదిలో బియ్యం కడుగుతూ కనిపించింది పోచమ్మ.

"సూదులెందుకమ్మా? కుక్క నన్ను కరవలేదు గద?"

నేను డాక్టరమ్మకు ఇచ్చిన జవాబే.

"పోచమ్మా, డ్రైవరన్న చనిపోతున్నాడు. నిన్ను తీసుకురమ్మన్నాడు."

"పొయ్యి మీద ఎసరున్నది" అంది. తర్వాత పొయ్యి ఆర్పి చేతులు తుడుచుకుంది.

ఐదింటికి నలుగురం దవాఖాన బెంచీ మీద కూర్చున్నాం. మానిపోయిన గాయమున్న చోటే వేలిలోకి ఒక సూది గుచ్చి మందు ఎక్కించారు. విషక్రిమి తగిలిన చోటే దాన్ని పట్టుకునే మందట. నొప్పికి వంటమాస్టర్ "అయ్యబాబోయ్" అన్నాడు, ఎవరూ నవ్వలేదు. తర్వాత టీకా భుజానికి. ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఆలస్యమైనా మొదలుపెట్టడమే మేలని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. డ్రైవరన్న ఎంగిలి తగిలి ఉండొచ్చని ఆయన భార్యకూ వేశారు.

మర్నాడు రోల్‌కాల్‌లో కమాండర్ డాక్టరమ్మ రాసిచ్చిన ప్రశ్న చదివాడు. ఆ కుక్క నోటి తడి ఎవరి ఒంటికి తగిలింది? గేటు పిల్ల చెయ్యి లేచింది. వంటమాస్టర్ చెయ్యి. నాది. ఆరు వారాల కిందట అదే వరుసలో నై సాబ్ అన్నవాళ్ళమే. కమాండర్ కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు. రెండుసార్లు జేబు దొరకలేదు.

మూడో రోజు ఉదయం ఆరూ నలభైకి సెట్టు పలికింది. దవాఖాన దగ్గర డ్యూటీలో ఉన్న మనిషి.

"కంట్రోల్, డ్రైవరన్న ఇక లేడు. ఓవర్."

విన్నట్టు జవాబివ్వాలి. అది నియమం. "విన్నాను. ఓవర్." టైము రాశాను.

సెప్టెంబరులో దళం కదిలింది. అదే ట్రక్కు, కొత్త డ్రైవర్. నలుగురం బాగున్నాం. ఇరవై ఎనిమిదో రోజు దాటింది, ఏడాది దాటింది, ఇంకా బాగున్నాం. ఆ మరుసటి ఏడు ఉద్యోగం వదిలి ఇంటికొచ్చాను. పొద్దున దీపం పెట్టినప్పుడు కృతజ్ఞత చెప్పుకోవలసిన పేర్లు నాకు చాలా ఉన్నాయి. మొదటి పేరు ఆయనదే. అంతవరకు మనసు నెమ్మదిగానే ఉంటుంది.

తర్వాత ఆమె కనిపిస్తుంది. ఆ ఉదయం పోచమ్మను వెతకడానికి నేను వార్డు గుమ్మం దాటుతుంటే, ఊరి నుంచి ఆయన భార్య అప్పుడే వచ్చింది. ఫ్యాన్ ఎందుకు ఆపారో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. చెమటలో మునిగిన మొగుణ్ణి చూసింది. మంచం పక్కన నిలబడి, ముప్పై ఏళ్ళ అలవాటున కొంగు ఎత్తి రెండుసార్లు విసిరింది. ఆ గాలికి ఆయన గొంతు బిగిసి, ఒళ్ళు విల్లులా లేచి, నోట్లోంచి నేను ఏ అడవిలోనూ వినని కేక వచ్చింది. ఆమె చేతిలోని కొంగును చూసింది, అది ఏదో తెలియని వస్తువైనట్టు. దాన్ని గుప్పెట్లో కుక్కుకుంది. రెండు చేతులతో కడుపుకు అదుముకుని, చీర అంచు కూడా కదలకుండా, ఊపిరి బిగబట్టి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ గోడ దాకా వెళ్ళి నిలబడింది.