అనంతపురంలో వాన టైర్లు

నా కారులో ఇక కూర్చోనని మా నాయన తెగేసి చెప్పింది మే నెలలో, ఒక మధ్యాహ్నం పూట.

నేను ముదిగుబ్బలో పశువుల డాక్టరును. మేముండేది బుక్కరాయసముద్రంలో. అమ్మ పోయాక నాయన మా ఇంటికి వచ్చేశాడు గానీ ఆయన ధ్యాసంతా ముదిగుబ్బ దగ్గరున్న చేను మీదే. చేను చూసుకునేది చిన్నాయన. అయినా నాయన పొద్దున నాతో కారెక్కి వచ్చేవాడు. చేనంతా తిరిగి, చిన్నాయన ఇంట్లో తిని, నేను డ్యూటీ ముగించుకొని వచ్చేదాకా అరుగు మీద కూర్చునేవాడు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దారి పొడుగునా ఎవరి చేనులో ఏముందో చెబుతూనే ఉండేవాడు. ఆ కబుర్లు వింటూ నడపడం నాకు అలవాటైపోయింది.

కారు మాత్రం పశువుల డాక్టరుకు తగిన కారు కాదు. రెండే తలుపులు, నేలకు అంటుకుపోయినంత ఎత్తు, ఎర్ర రంగు. ఇంజను బలమంతా వెనక చక్రాలకు పోయే స్పోర్ట్స్ కారు. మా ఆయనవాళ్ళది ధర్మవరం, పట్టుచీరల వ్యాపారం. బెంగుళూరులో అంగడి పెట్టిన మా బావ దాన్ని ముచ్చటపడి కొన్నాడు. నడుము నొప్పి పట్టుకొని అందులో దిగడం, లేవడం ఆయన వల్ల కాక మాకు ఇచ్చేశాడు. మా ఆయన అంగడికి స్కూటర్ మీదే పోతాడు. కాబట్టి రోజూ నడిపేది నేనే. గొర్రెల దొడ్ల దగ్గర ఆపితే జనం చుట్టూ చేరి నవ్వేవాళ్ళు. "కప్ప కారు డాక్టరమ్మ" అని నాకు పేరు కూడా పడింది. నాకేమీ బాధ లేదు. ఆ కారంటే నాకు ఇష్టం.

ఆ మధ్యాహ్నం ఇద్దరం ఇంటికి వస్తున్నాం. బత్తలపల్లి ఇంకా రాలేదు. ఎండ కాస్తుండగానే ఒక పక్క ఆకాశం నల్లబడి, లావుపాటి చినుకులతో వాన దిగింది. నెలల తరబడి దుమ్మూ నూనె మరకలూ పట్టిన రోడ్డు మీద మొదటి వాన అది. పల్లంలో నీళ్ళు నిలిచిన చోటికి కారు చేరగానే స్టీరింగు చేతుల్లో దూదిలా తేలికైపోయింది. ఎటు తిప్పినా చక్రాలకు పట్టు లేదు. కారు వెనక భాగం పక్కకు జారి, మేం గిర్రున తిరిగి, రోడ్డు దిగి బురదలో ఆగాం. ముందు అద్దంలోంచి చూస్తే మేం వచ్చిన దారే కనబడుతోంది. ఎదురుగా ఏ బండీ రాకపోవడం మా అదృష్టం.

ఇద్దరికీ దెబ్బలేమీ తగల్లేదు.  నాయన తలుపు తీసుకొని దిగి, వానలోనే నిలబడ్డాడు.

"నాయనా, లోపలికి రా, తడుస్తావు."

"నేను బస్సుకొస్తా. నువ్వు నిదానంగా పో పాపా."

"ఈడ బస్సు ఆపరు నాయనా."

"బత్తలపల్లికి నడిచి పోతా. ఈ బండిలో మాత్రం మళ్ళీ కూచోను."

నేను ఎంత బతిమాలినా ఆయన ఎక్కలేదు. వెనక వచ్చిన ఒక ఆటోలో ఎక్కి వెళ్ళిపోయాడు. స్టీరింగు గట్టిగా పట్టుకొని, ఎడ్లబండి నడిపినట్టు నడుపుతూ ఇల్లు చేరాను.

మరునాడే అనంతపురంలో టైర్ల అంగడికి వెళ్ళాను. అంగడి భాయ్ నాకు పాత పరిచయం. ఆయన మేకలకు ఒకసారి మందులు రాసిచ్చాను. కారును పైకి లేపించి వెనక చక్రం మీద అరచెయ్యి తిప్పాడు.

"చూడండి మేడమ్, గుండు చేయించినట్టు ఉండాది. గాడులే లేవు. నీళ్ళు యాటికి పోవాల?"

టైరు మీద గాడులుండేది కింద పడిన నీళ్ళను పక్కకు తోసేందుకే. అవి అరిగిపోతే టైరు రోడ్డును వదిలేసి నీళ్ళ మీద తేలుతుంది. మాకు జరిగింది అదే. టైర్లు మార్చాలన్నదాంట్లో సందేహం లేదు. ఏవి వేయించాలన్నదే తేలలేదు.

కారుతోపాటు వచ్చినవి స్పోర్ట్ టైర్లు. మెత్తటి రబ్బరు, తక్కువ గాడులు. పొడి రోడ్డును జిగురులా పట్టుకుంటాయి. మలుపుల్లో కారు మనం అనుకున్న చోటికి అనుకున్నట్టే వెళుతుంది. కానీ తొందరగా అరుగుతాయి, అరిగాక వాన పడితే ఏమవుతుందో చూశాం కదా. రెండో రకం ఆల్ సీజన్ టైర్లు. లోతైన గాడులు, వాటి మధ్య కత్తితో కోసినట్టు సన్నని చీలికలు. ఎండకూ వానకూ దేనికైనా సర్దుకుంటాయి, ఎక్కువ కాలం వస్తాయి. అయితే ఆ పదును, ఆ చురుకు కొంత తగ్గుతాయి.

భాయ్ స్పోర్ట్ టైర్ల వైపే మొగ్గాడు. "కంపెనీవాళ్ళు ఇచ్చిన రకమే ఏయించండి. బండి బండి మాదిరి ఉంటాది."

"వాన పడితే?"

ఆయన గట్టిగా నవ్వాడు. "వానా? అనంతపురంలో వాన కోసం టైర్లా మేడమ్? ఎప్పుడో ఒకతూరి పడేదానికి ఏడాదంతా ఆ టైర్లు మోస్తారా?"

"నిన్న పడింది ఆ ఒకతూరే భాయ్."

నవ్వు ఆపి తల గోక్కున్నాడు. "అబద్ధం ఎందుకు చెప్పల్ల. ఇట్లాంటి బండికి ఆల్ సీజన్ నేను ఇంతవరకు ఏయలేదు. ఈ ఎండకు అవి ఎట్లుంటాయో నాకు తెలీదు. మీరే ఆలోచించుకోండి. ఏదైనా బెంగుళూరు నుంచి తెప్పియ్యాల్సిందే."

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. "అమ్మేద్దాం. మామ కూడా ఎక్కనంటున్నాడు కదా." బావకు ఫోను చేస్తే ఆయన నొచ్చుకున్నాడు.

"ఏమ్మా, ఆ కారుకు ఆల్ సీజనా? పట్టుచీరకు గోనెపట్ట అంచు కుట్టినట్టు ఉంటాది."

"బావా, మీరు దాన్ని ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద నడిపినారు. నేను రోజూ గొర్రెల మధ్య నడుపుతాండా."

ఆ మాట అన్నాకే నా ఆలోచన నాకు స్పష్టమైంది. నా దగ్గరికి ఒక గొర్రెను తెస్తే, గొర్రెలన్నిటికీ ఏది గొప్ప మందో అని చూడను. ఈ గొర్రె ఏం తింటుంది, ఏ దొడ్డిలో పడుకుంటుంది, ఎంత దూరం నడుస్తుంది అని అడుగుతాను. కారు విషయంలోనూ అడగాల్సింది అదే. నేను పందేలకు పోను. నా దారిలో తారు కరిగే ఎండ ఉంది, కంకర ఉంది, తుమ్మముళ్ళున్నాయి, చెప్పాపెట్టకుండా రోడ్డు మీదికి వచ్చే మందలున్నాయి, రాక రాక వచ్చే వాన ఉంది. వాన రోజూ పడే ఊళ్ళోనైతే రోడ్డు ఎప్పటికప్పుడు కడిగినట్టు ఉంటుంది, నడిపేవాళ్ళకూ అలవాటు ఉంటుంది. మా దగ్గర పడే ఒక్క వానకు రోడ్డూ సిద్ధంగా ఉండదు, మనిషీ సిద్ధంగా ఉండడు. కనీసం టైర్లయినా సిద్ధంగా ఉండాలనుకున్నాను. ఆల్ సీజనే తెప్పించమని భాయ్‌కి చెప్పాను. బరువుకూ వేగానికీ ఈ కారుకు సరిపోయేవే కావాలని, సైజు కుదిరిందని ఏవో ఒకటి వద్దని గట్టిగా అన్నాను.

జూన్‌లో టైర్లు వచ్చాయి. వేయించుకొని బయటికి తీయగానే తేడా తెలిసింది. గతుకుల్లో నడుముకు తగిలే దెబ్బ తగ్గింది, చప్పుడు తగ్గింది. కానీ మలుపు దగ్గర ఇదివరకటి చురుకు లేదు. చక్రం తిప్పాక కారు ఒక్క క్షణం ఆలోచించి తిరిగినట్టు ఉండేది. మిట్టమధ్యాహ్నం రోడ్డు కాలిపోతున్నప్పుడు ఇంకొంచెం బద్ధకించేది. కారుకున్న అందమేదో నా చేతులారా తీసేశానా అని లోలోపల పీకుతూనే ఉండేది.

దానికి తోడు వాన రాలేదు. జూన్ పోయింది, జూలై సగం పోయింది. చేలు దున్ని పెట్టుకొని అందరూ ఆకాశం చూస్తున్నారు. నాయన విత్తనాల చెనిక్కాయలు ఒలిపించి చిన్నాయన ఇంట్లో పెట్టాడు. రోజూ వాటిని చూసుకోవడానికి బస్సులో పోయేవాడు. మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్లు ఎక్కలేక ఎక్కేవాడు. కొన్ని రోజులు దారిలో ఆయన బస్సును నేనే దాటేదాన్ని. కిటికీ పక్కన కూర్చొని నన్ను చూసి కూడా చూడనట్టు చేల వైపు తిరిగేవాడు. నా పక్క సీటులో మందుల డబ్బా కూర్చునేది.

ఊళ్ళల్లో టైర్ల సంగతి అందరికీ తెలిసిపోయింది. టీకాలు వేయడానికి వెళ్ళిన చోట ఒకాయన నవ్వుతూ అన్నాడు. "వాన టైర్లు ఏయించినావంట కదా మేడమ్. అందుకే వాన బెదిరి పారిపోయింది!"

నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

జూలై చివర్లో ఒకరోజు తెల్లవారేసరికి వాన పడుతోంది. ఉరుములూ మెరుపులూ లేవు. నిలకడగా, ఒకే ధారగా పడుతోంది. కాఫీ తాగుతుంటే చిన్నాయన ఫోను చేశాడు. నాయన చెవి దగ్గర పెట్టుకొని అరుస్తున్నాడు.

"ఆడ కూడానా? ఎంతసేపు నుంచి? చెరువు కట్టకు ఆనుకున్న చేను తడిసిందా? వస్తాండా, వస్తాండా!"

ఫోను పెట్టేసి, తువ్వాలు తల మీద వేసుకొని బయటికి నడిచాడు. నేను బ్యాగు తీసుకొని వెళ్ళేసరికి కారు తలుపు తీసుకొని కూర్చొని ఉన్నాడు. "తొందరగా రా పాపా, బస్సు కోసం చూస్తే నేల పదును ఆరిపోతాది" అన్నాడు. ఆయన ఒళ్ళో పెట్టుకున్న మందుల డబ్బా తీసి వెనక పెట్టాను. ఏమన్నా మాట్లాడితే మే నెల సంగతి ఎక్కడ గుర్తొస్తుందోనని నోరు మూసుకొని బండి తీశాను.

ఆయనకు గుర్తొచ్చింది, కాకపోతే బత్తలపల్లి దాటాక. ఆ పల్లం దూరాన కనబడగానే మాటలు ఆపేసి, తలుపు పిడి పట్టుకున్నాడు.  నేను ముందే వేగం బాగా తగ్గించేశాను. రోడ్డుకు అడ్డంగా ఎర్ర నీళ్ళు పారుతున్నాయి. చక్రాలు నీళ్ళల్లోకి దిగాయి. కారు కింద నుంచి జర్రుమని చప్పుడు, రెండు పక్కలా నీళ్ళు లేచాయి. స్టీరింగు బరువుగానే ఉంది. నా చేతుల కింద రోడ్డు ఉందని తెలుస్తూనే ఉంది. కారు నీళ్ళు దాటి మిట్ట ఎక్కింది.

ఊపిరి పీల్చుకున్నానో లేదో, గట్టు మీద నుంచి గొర్రెలు దిగాయి. ముందు ఒకటి, దాని వెనక మందంతా రోడ్డు మీదికి వచ్చేసింది. బ్రేకు తొక్కాను. మే నెలలో తిరిగినట్టే మళ్ళీ తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. గీత గీసినట్టు తిన్నగా వెళ్ళి, గొర్రెలకు ఇంకా చాలా దూరం ఉండగానే ఆగింది. నెమ్మదిగా రావడం సగం కాపాడింది, తెలుసు. మిగతా సగం టైర్లదే.

మంద వచ్చి కారు చుట్టూ నిండిపోయింది. కారు నేలకు అంత దగ్గరగా ఉంటుంది కాబట్టి కిటికీ బయట అన్నీ గొర్రెల మొహాలే. కంబళి కప్పుకున్న గొర్రెల కాపరి వంగి చూసి నన్ను గుర్తుపట్టాడు.

"ఏమక్కా, ఇంత వానలో వచ్చినావు? కప్ప మాదిరే వానకు బయటికొచ్చిందే నీ కారు!"

నాయన పగలబడి నవ్వాడు. నెలల తర్వాత ఆ కారులో ఆయన నవ్వు అది. పిడి వదిలేసి, అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"నిలబడింది పాపా."

"నిలబడింది నాయనా."

"ఇంగ పో. ఆడ విత్తనానికి మడక కట్టించాల."

చేను దగ్గర దించితే మోకాళ్ళ నొప్పి మరిచిపోయి బురదలో దిగాడు. మట్టిలో చెయ్యి పెట్టి, తడి ఎంత లోతు దిగిందో చిన్నాయనకు చూపించాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా వాదించుకుంటుంటే నేను ఆసుపత్రికి వెళ్ళిపోయాను. ఆ రోజు ఎవరూ పశువులను తీసుకురాలేదు. అందరూ చేలల్లోనే ఉన్నారు. ఖాళీగా కూర్చొని బావకు ఫోను చేసి, కారు బాగుందని చెప్పాను. మలుపుల సంగతి అడిగాడు. అది తగ్గిందని ఒప్పుకున్నాను, తగ్గినా ఫర్వాలేదన్నాను. నిజంగానే నాకు ఫర్వాలేదనిపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు కూడా తుంపర పడుతూనే ఉంది. నాయన కాళ్ళ బురదతో సీటు ముందు పరిచిన పట్టా అంతా ఎర్రగా అయింది. ఎవరెవరు విత్తనం వేస్తున్నారో చెప్పుకుంటూ వచ్చాడు. కాసేపటికి మాట ఆగిపోతే తిరిగి చూశాను. తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నాడు. ఇంకొకరు నడిపే బండిలో ఆయన కునుకు తీయడం నేను పుట్టి ఇన్నేళ్ళల్లో చూడలేదు. వెనక ఒక లారీ దారి కోసం హారన్ కొడుతోంది. నేను పక్కకు తప్పుకొని దాన్ని పోనిచ్చాను.