నెమ్మెక్కిన బెల్లం

మా అనకాపల్లిలో వానలు పట్టాయంటే బెల్లం చెమరుస్తుంది. డబ్బా మూత ఎవరు వదులుగా పెట్టారని ఇంట్లో పొద్దున్నే రభస. నాకు మాత్రం ఆ చెమ్మ చూస్తే గర్వంగా ఉండేది. ఆరో తరగతిలో ఉండగా మా బడికి తనిఖీకి వచ్చిన ఆఫీసరు నన్ను లేపి, వానాకాలంలో బెల్లానికి నెమ్ము ఎక్కడినుంచి వస్తుందని అడిగారు. గాలిలోని తేమను పీల్చుకుంటుందని తడుముకోకుండా చెప్పాను. ఆ ముందురోజే మా సైన్సు మేడం నన్ను స్టాఫ్ రూములో కూర్చోబెట్టుకుని, బెల్లం ముక్క చేతిలో పెట్టి, నువ్వేమనుకుంటున్నావని అడిగి, తర్వాత అసలు సంగతి చెప్పారు. క్లాసులో ఎవరికీ చెప్పలేదు, నాకొక్కదానికే. నేనంటే ఆవిడకు అంత ఇష్టమని పొంగిపోయాను. ఆఫీసరు సరిగ్గా అదే అడగడం నా అదృష్టమనుకున్నాను. సైన్సు టీచర్ని కావాలని ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేశాను.

బి.ఎడ్. చదువుతుండగా ఇంగ్లండులో ఒక టర్ము పాఠాలు చెప్పే అవకాశం వచ్చింది. కాలేజీలో నా గురించి మంచిగా మాట్లాడింది కూడా ఆ మేడమే. అక్కడ నా మొదటి పాఠానికి మన పద్ధతిలోనే పథకం రాసుకున్నాను. నేను అడిగే ప్రశ్నలు, వాటి పక్కనే పిల్లలు చెప్పవలసిన జవాబులు. ఆ క్లాసు టీచరమ్మ అది చదివి, పిల్లలు ఆలోచించేది ఎక్కడ అని మెత్తగా అడిగింది. ఒళ్ళు మండింది. మా దగ్గరైతే ఆ పథకానికి మార్కులే మార్కులు.

పంతం కొద్దీ ఇంటి నుంచి తెచ్చుకున్న బెల్లాన్నే పాఠంగా ఎంచుకున్నాను. ఒక ముక్క డబ్బాలో, ఒక ముక్క కిటికీ దగ్గర పళ్ళెంలో పెట్టి, రేపు చూద్దాం అన్నాను. మర్నాడు చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి, రాళ్ళలా. చలికాలం కావడంతో గదిలో హీటర్లు రాత్రింబగళ్ళు వెలుగుతూ గాలిలో తడి లేకుండా చేశాయి. బెల్లం చెమర్చని చోటు భూమ్మీద ఉంటుందని అనకాపల్లిలో పుట్టినవాళ్ళకు తడుతుందా? నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లలకు మాత్రం పండగే. చలికి గడ్డకట్టిందని ఒకడన్నాడు. మీ ఊరి బెల్లమే మంచిది కాదేమో అంది ఒక పిల్ల. దానికి సమాధానం నాలుక చివర దాకా వచ్చింది. వెనకాల నుంచి టీచరమ్మ, మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆ పిల్లే ఒక ముక్క తీసుకెళ్ళి మొక్కలు పెంచే గాజుపెట్టెలో పెట్టింది. అక్కడ చెమర్చింది. తూచారు, బరువు పెరిగింది. ఎందుకు పెరిగిందో వాళ్ళలో వాళ్ళే కొట్లాడుకుని తేల్చుకున్నారు. నేను నోరు మూసుకుని అంత సంతోషపడటం అదే మొదలు.

తిరిగొచ్చాక నా చివరి బోధన పరీక్షకు నేను చదివిన బడినే కోరుకున్నాను. ఆ మేడం ఇప్పుడు అక్కడ హెడ్మిస్ట్రెస్. జరిగిందంతా చెప్పి, ఇక్కడా అలాగే చేస్తానన్నాను.

"అక్కడి పిల్లలు వేరమ్మా. మనోళ్ళు పరీక్ష చేసేవాళ్ళ ముందు నోరిప్పరు. నీ పరువు పోద్ది" అన్నారు.

"తప్పు చెప్పినా పర్లేదు మేడం. సొంతంగా చెప్తే చాలు."

"సర్లే, నీ ఇష్టం. నువ్వు సెప్తే కాదంటానేటి?" అని నవ్వారు. ఆ నవ్వును నమ్మాను. నాకు కావలసింది ఒక్కటే. మన పిల్లలు కూడా తమ బుర్రతో ఆలోచిస్తారని ఆ గదిలో అందరి ముందూ తేలాలి. మార్కులు తర్వాతి సంగతి.

పరీక్ష రోజు వాన కురుస్తూనే ఉంది. ముందురోజు నేను తూచి పెట్టి వెళ్ళిన ముక్కల్లో డబ్బాలోది పొడిగా, కిటికీలోది తళతళా ఉన్నాయి. మళ్ళీ తూచి, కిటికీలోదాని బరువెందుకు పెరిగిందని అడిగానో లేదో, క్లాసంతా చెయ్యెత్తింది. "గాలిలోని తేమను పీల్చుకొనుట వలన" అన్నాడు ఒకడు. పక్కవాడూ అదే అన్నాడు, ఆ "వలన"తో సహా. వేరేగా అనుకున్నవాళ్ళు లేరా అని బతిమాలినట్టు అడిగాను. కొందరు మేడం నిలబడ్డ వరండా వైపు చూశారు. పరీక్షకు వచ్చిన ఆయన మహా సంబరపడిపోయి, పిల్లల్ని ఇంత బాగా ఆలోచింపజేయడం తానెక్కడా చూడలేదన్నారు. మార్కులు నిండుగా వేశారు.

అంతా వెళ్ళాక, కొండకర్ల నుంచి వచ్చే ఒక పిల్ల పళ్ళెం సర్దుతూ నిలబడింది.

"టీచరండీ, నాకైతే సీమలు దూరీసి బరువెక్కిందనిపించిందండి."

"మరి చెప్పలేదేం?"

"నిన్న మీరెళ్ళిపోయేక పెద్ద మేడం వచ్చేరండి. అలగ సెప్పొద్దన్నారు. అందరిసేతా ఒకటే మాట అప్పజెప్పించేరు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. సీమలట. ఎంత చక్కని ఊహ. ముక్కను పళ్ళెంలోకి దించి, చీమలున్నాయో లేవో చూసి, దులిపి మళ్ళీ తూచి, గంటసేపు పాఠం నడిచేది దాంతో.

తిన్నగా మేడం గదికి వెళ్ళాను. ఎందుకు చేశారని అడిగాను.

"నీ మార్కులు పోతాయనే కదమ్మా" అన్నారు ఆవిడ, నొచ్చుకుంటూ.

"నేను పోగొట్టుకోడానికి సిద్ధపడే వచ్చాను. మీరు నాకు మాటిచ్చారు."

"ఇలగే మాటాడతావు. ఆఫీసరు వచ్చిన రోజు నిన్నే లేపేరెందుకనుకుంటన్నావు? ఆ ప్రశ్న నేనిచ్చిందే. నిన్నే లేపమని సెప్పింది కూడా నేనే. దానివల్లే కదా ఇంతదానివయ్యేవు?"

ఆవిడ ఎంతో ప్రేమగా అన్నారు. అందుకే ఇంకా కడుపు మండింది. స్టాఫ్ రూములో నాకొక్కదానికే పంచిన రహస్యం అనుకున్నది, తనిఖీకి నన్ను సిద్ధం చేయడమన్నమాట. బయటికొచ్చేశాను. ఇప్పటికీ ఆ బడి వీధిలోకి వెళ్ళడం లేదు.

కొండకర్ల పిల్లకు తన చీమలైనా మిగిలాయి. ఆ రోజు స్టాఫ్ రూములో, బెల్లం ముక్క చేతిలో పట్టుకుని, నువ్వేమనుకుంటున్నావని మేడం అడిగినప్పుడు నేనూ ఏదో చెప్పాను. అది కాదన్నారు ఆవిడ. నేను చెప్పిందేమిటో ఎంత తవ్వుకున్నా గుర్తుకు రావడం లేదు. ఆవిడ చెప్పింది మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఉంది.