మోకాలి కింద దిండు

మా అమ్మమ్మకు ఈ లోకంలో ఒక్కటే శత్రువు. పాము కాదు, దొంగ కాదు, చివరికి మా తాతయ్య కూడా కాదు. దిండు.

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు కదా. కూర్చోలేదు. మోకాళ్ల మార్పిడి ఆపరేషన్‌కి ముందు రోగులకు ఏమేం చెప్పాలో, ఎలా చెప్పాలో చూసిపెట్టమని పెద్ద డాక్టరు అడగగానే చీర కుచ్చిళ్లు సర్దుకుని బయల్దేరింది. అంతకుముందు ఆ క్లాసులో డాక్టర్లు తెర మీద రంగుల బొమ్మలు చూపించేవారు, రోగులు కునుకు తీసేవారు. అమ్మమ్మ ముందు ఆ తెర తీయించింది. దాని బదులు ఒక మంచం, ఒక వాకర్, ఎత్తు పెంచిన కమోడ్ కుర్చీ పెట్టించింది. అందరూ లేవాలి, నడవాలి, కూర్చోవాలి. కునికితే వీపు మీద ఒక్కటి పడేది.

ఇంత చేసినా ఒక దర్జీ దెబ్బ కొట్టాడు. క్లాసులో ప్రతి మాటకూ గంగిరెద్దులా తలూపినవాడే, ఆపరేషనయ్యాక కాలు తిన్నగా చాచలేక కుంటుతూ వచ్చాడు. కాలితో మిషను తొక్కి బతికే మనిషి. అమ్మమ్మ నేరుగా దర్జీ ఇంటికే వెళ్లి చూసింది. మోకాలి కింద కుచ్చులు కుట్టిన దిండు, దాని మీద మహారాజులా దర్జీగారి కాలు.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే నర్సమ్మగారూ. ఆయన నొప్పంటుంటే చూస్తూ ఊరుకోమంటారా?" అంది దర్జీ భార్య.

"కావాలంటే మడమ కింద పెట్టు తల్లీ. మోకాలి కింద పెడితే వంగిన కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. మీ ఆయనకి చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

"ఆయనకి చెప్పారండీ. దిండు పెట్టేది నేను కదా?"

అమ్మమ్మకే పాఠం చెప్పిన మనిషి ఆవిడొక్కతే అని తాతయ్య ఇప్పటికీ ఆనందంగా చెబుతాడు.

మర్నాటి నుంచి దిండు పెట్టే మనిషి వెంట లేకుండా రోగిని లోపలికి రానివ్వలేదు. ఆ వచ్చిన మనిషినే మంచం మీద పడుకోబెట్టి, మోకాలి కింద దిండు పెట్టి, క్లాసు అయ్యేదాకా కదలనిచ్చేది కాదు. తర్వాత లేచి నిలబడమనేది. వాళ్ల మూలుగే అసలు పాఠం. దర్జీ కాలు కూడా వ్యాయామంతో మెల్లగా దారికొచ్చింది.

ఈ ఏడు అమ్మమ్మ మోకాలే మొరాయించింది. ఆపరేషన్ అన్నారు. కత్తికి భయపడలేదు గాని, క్లాసు పోతుందేమోనని బెంగపెట్టుకుంది.

"కాలు తిన్నగా రాకపోతే నేనింక ఇంట్లో కూర్చోవాల్సిందేనే కోతీ. కుంటుకుంటూ వెళ్లి నడక నేర్పుతానంటే ఎవడు వింటాడు?"

ఆ కోతిని నేనే. వెంట ఉండే మనిషిగా నన్నే తన క్లాసుకి లాక్కెళ్లింది. దిండు మీద కాలేసుకుని నేను సుఖంగా నిద్రపోయాను. చదువబ్బలేదని ఊరికే అన్నారా! లేచేసరికి మోకాలు పట్టేసింది, హాలంతా నవ్వింది. పదో తరగతి దాటలేని బుర్రకి ఆ ఒక్క పాఠం మాత్రం ఎక్కింది.

ఆపరేషన్ అయిన మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ నీరసంగా పిలిచింది.

"కోతీ, ఆ దిండు ఇటివ్వవే. తల కింద పెట్టుకుంటా."

ఇచ్చి, మంచినీళ్లు తెద్దామని వెళ్లొచ్చాను. దిండు మోకాలి కింద ఉంది.

"నీ తల అక్కడికెప్పుడు దిగింది అమ్మమ్మా?"

"ఒక్క నిమిషమేనే..."

"అందరూ ఆ మాటే అంటారని చెప్పిందెవరు?"

"వాళ్లూ నేనూ ఒకటా? నీ అమ్మమ్మనే!"

"దర్జీ ఆవిడకి మొగుడు కాదా మరి?"

దిండు లాగేశాను. నిజంగానే ఏడ్చింది. జీవితంలో అమ్మమ్మ కన్నీళ్లు చూడటం అదే మొదలు. ఇచ్చేద్దామనే అనిపించింది. చెయ్యి దాని మీదికి పోతూనే ఉంది. అందుకని తువ్వాలు చుట్టి ఆమె మడమ కింద పెట్టి, దిండు కుర్చీలో వేసి దాని మీద కూర్చున్నాను. రాక్షసి అంది, ఏ జన్మ పగ అంది, మా అమ్మని నాలాంటిదాన్ని కన్నందుకు తిట్టింది. నేను లేవలేదు.

కాలు గీత గీసినట్టు తిన్నగా వచ్చింది.

ఇప్పుడు క్లాసులో కొత్త పాఠమొకటి చేరింది. అమ్మమ్మ మంచమెక్కి రోగిలా ఏడుస్తుంది, వెంట వచ్చినవాళ్లు దిండు ఇవ్వకుండా నిలబడాలి. ఎంత బాగా ఏడుస్తుందంటే సగంమంది ఓడిపోతారు. నిన్న దర్జీ రెండో మోకాలి కోసం భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

"తల కిందకేనమ్మా, ఒట్టు," అని అమ్మమ్మ మొదలుపెట్టింది.

దర్జీ భార్య ఆమె వంక చూసింది, మొగుడి వంక చూసింది. దిండు తీసి కుర్చీలో వేసుకుని, దాని మీద కూర్చుంది.